మిగిలిపోయిన పాటకు తావెక్కడ?

ఇల్లు కట్టి ముగించిన పిమ్మట దొడ్డిలో కొన్ని ఇటుకలు మిగిలియుండుట అందరును ఎరిగినదే. అవి పనికిరానివని మేస్త్రి విడిచిపెట్టలేదు. గోడకు కావలసిన కొలత పూర్తియైనది గనుక మిగిలినవి. కొన్నాళ్ళకు వాటితో తులసికోటయో, నూతి గట్టో కట్టుకొందురు. సరిగా కాలక, అంచులు విరిగి, ఏరి పారవేయబడిన ఇటుకలును అక్కడనే పడియుండును. ఈ రెండు తెగలను వేరుపరచగలవాడే మంచి మేస్త్రి. పాటల విషయమునను ఇట్టి తారతమ్యమే కలదు. ఒక సంపుటమునకై కట్టి, అందులో చేర్పక విడిచిన పాటను తరువాతి సంపుటమున నిలుపవచ్చునా అను ప్రశ్నను నేడు పరిశీలింతము. ఇందుకు ఇంగ్లండు దేశపు పింక్ ఫ్లాయిడ్ అను రాక్ బృందము చరిత్ర మంచి ఉదాహరణము.

రాక్ సంగీతములో కాన్సెప్ట్ ఆల్బమ్ అనునది ఒకటి కలదు. మామూలు రికార్డులో పాటకును పాటకును సంబంధముండనక్కరలేదు. ఇందులో మాత్రము మొదటి పాట నుండి చివరి పాట వరకు ఒకే కథయో, ఒకే చింతనయో సాగవలెను. మన వాఙ్మయములోని పోలికతో చెప్పవలెనన్న, మొదటిది చాటుపద్యముల సంకలనము, రెండవది ప్రబంధము. చాటువు తన కాళ్ళమీద తాను నిలుచును. ప్రబంధములోని పద్యము తన ముందు పద్యమునకును, తన వెనుక పద్యమునకును గూడ జవాబు చెప్పుకొనవలెను. ఎంత చక్కని చాటువునైనను తెచ్చి కథ నడుమ నిలిపినచో, అది కథను ఆపి తన్నే చూడుమన్నట్లుండును. కాశ్మీర కవి క్షేమేంద్రుడు 11వ శతాబ్దిలో ‘ఔచిత్య విచార చర్చ’ అను గ్రంథము వ్రాసి, ఔచిత్యమే కావ్యమునకు ప్రాణమని ప్రతిపాదించెను. ఆ కొలబద్ద రాక్ పాటకును చక్కగా సరిపోవును.

ఈ బృందమునకు మిగిలిన సరకును దాచుకొను అలవాటు మొదటినుండియు ఉన్నది. 1970లో వెలువడిన ‘జబ్రిస్కీ పాయింట్’ అను చలనచిత్రమునకై రిచర్డ్ రైట్ పియానోపై నెమ్మదిగా సాగు ఒక వరుస కట్టెను. దర్శకుడు ఆంటోనియోని దానిని స్వీకరింపలేదు. పిమ్మట రోజర్ వాటర్స్ ఆ వరుసకు మాటలు కూర్చగా, 1973లో ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ సంపుటమున అది ‘అస్ అండ్ దెమ్’ అను పాటయైనది. కాలము, ధనము, మరణభయము, మతిభ్రంశము మనుష్యుని ఎట్లు నలిపివేయునో చెప్పు ఆ సంపుటములో, మనవారు పరవారను భేదమును, యుద్ధమును గూర్చిన ఈ పాట అక్కడనే పుట్టినట్లు వినబడును.

రెండవ ఉదాహరణము కొంత భిన్నమైనది. 1974లో బృందము తన కచేరీలలో రెండు కొత్త పాటలు పాడుచుండెను. 1975 నాటి ‘విష్ యు వర్ హియర్’ సంపుటమున వాటిని చేర్చవలెనా వలదా అని బృందములో తర్జనభర్జనలు జరిగినవి. ఎడబాటును గూర్చిన తలపుతో నడచు ఆ సంపుటమునకు అవి పొసగవని వాటర్స్ పట్టుపట్టెను. ఆయన మాటయే నెగ్గెను. రెండేండ్లకు, 1977లో, మనుష్యులను కుక్కలు, పందులు, గొర్రెలు అను మూడు తెగలుగా చూపు ‘ఆనిమల్స్’ సంపుటములో ఆ రెండును ‘డాగ్స్’, ‘షీప్’ అను పేర్లతో చోటు సంపాదించినవి. అయితే అవి ఉన్నవి ఉన్నట్లు రాలేదు. పేర్లు మారినవి, మాటలు మారినవి. కొత్త ఇంటి కొలతకు చెక్కబడినవి.

ఇక చిక్కైన ఉదాహరణమునకు వత్తము. 1979 నవంబరులో ‘ది వాల్’ అను జంట రికార్డు వెలువడినది. పింక్ అను కల్పిత గాయకుడు తనకు తగిలిన దెబ్బలనే ఇటుకలుగా పేర్చి, తనకును లోకమునకును నడుమ గోడ కట్టుకొనుట అందలి కథ. తండ్రి యుద్ధములో మరణించుట ఆ గోడలో తొలి ఇటుక. ఈ సంపుటమునకై సాగిన రచనలో వాటర్స్ వ్రాసిన పాటలలో ‘వెన్ ది టైగర్స్ బ్రోక్ ఫ్రీ’ ఒకటి. ఇందలి పులులు అడవి పులులు కావు. రెండవ ప్రపంచ యుద్ధమున జర్మను సేనలు నడపిన టైగర్ అను ట్యాంకులు. వాటర్స్ తండ్రి ఎరిక్ ఫ్లెచర్ వాటర్స్ బ్రిటిషు సేనలో సెకండ్ లెఫ్టినెంటుగా నుండి, 1944 ఫిబ్రవరి 18న ఇటలీలోని ఆంజియో పోరాటమున మరణించెను. అప్పటికి కుమారుడు ఐదు నెలల పసివాడు. వెనుకకు మరలుటకు అనుమతి దొరకని సైనికులును, రాజుగారి పేరిట ఇంటికి వచ్చిన సంతాప పత్రమును, ఏండ్ల పిమ్మట దానిని కనుగొన్న కుమారుని కన్నీరును ఈ పాటలో కలవు. ఇది మితిమీరిన సొంత గోడు అని తోటివారికి తోచినది. ‘ది వాల్’ లో దీనికి చోటు దొరకలేదు.

మా దృష్టిలో ఆ నిర్ణయము సరియైనదే. పింక్ కల్పిత పాత్ర. ఏటితోను, ఊరితోను ముడిపడిన ఈ పాట వినబడిన మరుక్షణము శ్రోత పింక్‌ను మరచి వాటర్స్‌ను చూచును. అదియునుగాక, తల్లి, బడిపంతులు, భార్య అను అనేక ఇటుకల నడుమ తండ్రి మరణమొక్కటి. వాద్యబృందముతోను, వేల్సు గాయకుల బృందగానముతోను గంభీరముగా సాగు ఈ పాట మిగిలిన ఇటుకలన్నింటిని తన బరువుతో అణచివేసియుండును. 1982లో ఆలన్ పార్కర్ దర్శకత్వమున ‘ది వాల్’ చలనచిత్రమైనపుడు ఈ పాటను రెండు భాగములుగా విభజించి చేర్చిరి. అక్కడ అది చక్కగా ఇమిడినది. తెరమీద తండ్రి లేని పిల్లవాడు కనబడుచుండగా, ఆ గొంతు ఎవరిదను సందేహమునకు తావు లేదు.

అదే ఏడు జులైలో ఈ పాట విడి రికార్డుగా వెలువడినది. అది రాబోవు ‘ది ఫైనల్ కట్’ సంపుటములోనిదని ఆ రికార్డుపై అచ్చువేసిరి. చిత్రపు పాటలను, ‘ది వాల్’ నుండి మిగిలిన పాటలను చేర్చి ఒక సంపుటము తేవలెనని మొదటి ఆలోచన. దానికి ‘స్పేర్ బ్రిక్స్’, అనగా మిగులు ఇటుకలు, అను పేరును తలపెట్టిరి. ఇంతలో 1982 ఏప్రిల్‌లో ఫాక్‌లాండ్స్ యుద్ధము మొదలయ్యెను. ఏ మేలైన కాలమునకై తండ్రులు ప్రాణములిచ్చిరో ఆ కల ఏమైనదను ప్రశ్న వాటర్స్‌ను పట్టుకొనెను. 1983 మార్చిలో వెలువడిన సంపుటము యుద్ధానంతరపు కలకు స్మృతిగానమై, ఎరిక్ ఫ్లెచర్ వాటర్స్‌కు అంకితమైనది. మిగులు ఇటుకలు కొన్ని అందులో చేరినవి. కాని తండ్రి మరణమును చెప్పు పాట మాత్రము ఆనాటి పన్నెండు పాటలలో లేదు! 2004లో సంపుటమును మరల విడుదల చేసినపుడు దానిని నాలుగవ పాటగా నిలిపి, లెక్క పదమూడు చేసిరి.

బృందములోని గిటారు వాద్యకుడు డేవిడ్ గిల్మోర్ ఆనాడే ఒక ఆక్షేపణ తెచ్చెను. ‘ది వాల్’ కు తగదని త్రోసివేసిన పాటలు ఇప్పుడెట్లు తగినవైనవి అని ఆయన ప్రశ్న. ఇది త్రోసిపుచ్చదగినది కాదు. అయితే మిగిలిన ఇటుకలన్నియు పగిలిన ఇటుకలే అను ఊహ అందులో దాగియున్నది. ఏ పాట ఎందువలన మిగిలినదో తెలియనిదే తీర్పు చెప్పరాదు. మేము మూడు ప్రశ్నలు వేయుదుము. పాట విషయము సంపుటపు విషయముతో కలియుచున్నదా? పాటలో పలుకు గొంతు ఎవరిది? ముందు వెనుకల పాటల నడుమ దానికి తావున్నదా?

మొదటి ప్రశ్నకు సందేహము లేదు. ‘ది వాల్’ లో యుద్ధము ఒక కారణము మాత్రమే. ‘ది ఫైనల్ కట్’ లో అదియే కథావస్తువు. రెండవ ప్రశ్నకును జవాబు అనుకూలమే. ఇక్కడ పింక్ అను ముసుగు లేదు. కుమారుడే తన గొంతుతో తండ్రిని తలచుకొనుచున్నాడు. అక్కడ దోషమైన సొంత గోడు ఇక్కడ ప్రాణమైనది.

మూడవ ప్రశ్న వద్దనే మాకు పేచీ. 2004లో ఈ పాటను ‘వన్ ఆఫ్ ది ఫ్యూ’, ‘ది హీరోస్ రిటర్న్’ అను రెండు పాటల నడుమ నుంచిరి. ఆ రెండును యుద్ధము నుండి బ్రదికి వచ్చి బడిపంతులైన ఒకనిని గూర్చినవి. జర్మనీలోని డ్రెస్డెన్‌పై బాంబులు వేసిన విమానములలో నొకదానియందుండిన ఆతడు, భార్య నిద్రించినపుడు తప్ప మనసు విప్పలేడు. ఆ పంతులు కథ నడుమ కుమారుని గొంతు జొరబడుటతో శ్రోతకు అతుకు తెలియును. తిరిగివచ్చి మాటాడలేనివానిని, తిరిగి రానేరానివానిని పక్కపక్కన చూపుటలో అర్థము లేకపోలేదు. అయినను రెండవ వైపుననున్న ‘ది ఫ్లెచర్ మెమోరియల్ హోమ్’ అను పాటకు ముందు దీనిని నిలిపినచో మేలు అని మా అభిప్రాయము. ఆ పాటలో కుమారుడు లోకమునేలు పెద్దలను తండ్రి పేరిట వెలసిన ఒక ఆశ్రమమున చేర్చి నిందించును. ఫ్లెచర్ ఎవరో, ఎట్లు మరణించెనో అంతకు ముందే విన్న శ్రోతకు ఆ కోపము వట్టి ఎత్తిపొడుపుగా వినబడదు. తీరని బాకీ వసూలు చేయవచ్చిన గొంతుగా వినబడును.

కనుక ఈ పాట ‘ది ఫైనల్ కట్’ కు తగినదే. అది ఆలస్యముగా చేరినది, చేరిన చోటు కొంచెము తప్పినది. 1983లో రికార్డు కొన్నవారికి ఆ తండ్రి అంకితములోని ఒక పేరు. 2004 నాటి శ్రోతకు ఆతడు మంచు కురిసిన ఒక ఉదయమున ఆజ్ఞకు కట్టుబడి నిలిచిన మనుష్యుడు. ఆ రెండు వినికిడుల నడుమ భేదము చిన్నది కాదు. ఇంట ఈ సంపుటము గలవారు ఒక సాయంకాలము పన్నెండు పాటలతో నొకసారి, పదమూడు పాటలతో నొకసారి, మేము చెప్పిన వరుసలో నింకొకసారి విని చూతురుగాక. ఇటుక ఏ గోడకు చెందినదో చెవియే తేల్చి చెప్పును.