స్వచ్ఛంద సంస్థల ఉమ్మడి చరిత్ర: మన ముందున్న పని

  

తెలుగు నేల మీద పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థల్లో దేని కథ దానికుంది. అందరిదీ కలిసిన కథ మాత్రం లేదు. ఉండాలని, అది తెలుగులో ఉండాలని, ఇప్పుడే మొదలుపెట్టకపోతే రాసే ఆధారాలే మిగలవని నా గట్టి నమ్మకం.

మన సంస్థలు రాయడం లేదని అనను. చాలా రాస్తున్నాయి. కానీ ఎక్కువ భాగం నిధులిచ్చేవారి కోసం, ఇంగ్లీషులో రాస్తున్నాయి. కేస్ స్టడీ అనే కాగితం మీరంతా చూసే ఉంటారు. పైన ఒక మహిళ ఫొటో. కింద మొదటి పేరాలో ఆమె కష్టం, రెండో పేరాలో సంస్థ రాక, మూడో పేరాలో ఆమె చిరునవ్వు. ఆ ఊరికి సైకిల్ మీద తిరిగిన కార్యకర్త పేరు అందులో ఉండదు. అదే పని మీద పక్క మండలంలో పనిచేసిన మరో సంస్థ ఊసు ఉండదు. ఏళ్ల తరబడి ఇలా రాస్తే పని ఎంత జరిగినా జ్ఞాపకం మిగలదు.

సారా వ్యతిరేక ఉద్యమాన్నే తీసుకోండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. రాత్రి బడిలో చదువుకున్న మాటలే వాళ్లకు ధైర్యమిచ్చాయి. ఆ అక్షరాస్యత కార్యక్రమంలో జిల్లా యంత్రాంగం ఉంది, వలంటీర్లున్నారు, ప్రజా సంఘాలున్నాయి. అందరికంటే ముందు, పగలంతా కూలికి వెళ్లి రాత్రి పలక పట్టిన ఆ తల్లులున్నారు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. ఇంత పెద్ద ఘట్టం ఏ సంస్థ వార్షిక నివేదికలో ఒదుగుతుంది? ఎవరికి వారు రాసుకునే చరిత్రలో, అందరూ కలిసి చేసిన పనికే చోటు లేకుండా పోతోంది. నన్ను అన్నిటికంటే బాధించేది ఇదే.

మన పూర్వులు దీన్ని మనకంటే బాగా గ్రహించారు. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో ఆంధ్ర ప్రాంతపు ఊళ్లలో గ్రంథాలయాలు ఎక్కడికక్కడ పుట్టాయి. చందాలు పోగుచేసి, ఎవరి అరుగు మీదో, ఎవరి గదిలోనో నడిపేవారు. 1914 ఏప్రిల్‌లో అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో వాటి ప్రతినిధులు బెజవాడలో సమావేశమయ్యారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అధ్యక్షత వహించారు. ఆంధ్రదేశ గ్రంథ భాండాగార సంఘం అక్కడే పుట్టింది. తర్వాత 'గ్రంథాలయ సర్వస్వం' పత్రిక ఒక ఊరి కబురు మరో ఊరికి చేరవేసింది. విడివిడి పుస్తకాల గదులు తమను తాము ఉద్యమంగా చూసుకోగలిగాయి. 1935లో పాతూరి నాగభూషణం గారి చొరవతో పెదవడ్లపూడి ప్రాంతంలో కాలువ మీద పడవల్లో పుస్తకాలు వెళ్లాయంటే, అంతకుముందు రెండు దశాబ్దాల పాటు అల్లుకున్న ఆ బంధం దాని వెనక ఉంది.

అయితే అదే బెజవాడలో 1917లో మరో సభ జరిగింది. హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ గారు దానికి అధ్యక్షులు. తమను పంచములనడం చెల్లదని, తాము ఆది ఆంధ్రులమని ఆ సభ ప్రకటించింది. ఊరు ఒకటే, మధ్య మూడేళ్లే తేడా. మనం మాత్రం మొదటి సభను గ్రంథాలయ చరిత్రలో, రెండోదాన్ని దళితోద్యమ చరిత్రలో చదువుతాం. ఉమ్మడి కథలో ఈ రెండూ ఒకే పేజీలో ఉండాలి. పక్కపక్కన పెడితేనే అడగాల్సిన ప్రశ్న మనకు తోస్తుంది: ఊళ్లలో వెలసిన ఆ పఠన మందిరాల గడప ఎవరు తొక్కగలిగారు, ఎవరు తొక్కలేకపోయారు?

తెలంగాణ దారి వేరు. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లోనే వెలిసింది. సభ జరపాలంటే ముందుగా అనుమతి తీసుకోవాల్సిన నిజాం రాజ్యంలో గ్రంథాలయం మీద మోయలేనంత బరువు పడింది. బడి, చర్చావేదిక, రాజకీయాల తొలి పాఠం అన్నీ అదే అయింది. కాబట్టి కోస్తా కథకు తెలంగాణను అనుబంధంగా అతికించే పని చేయకూడదు. రెండు ప్రవాహాలనూ వాటి వాటి మూలాల నుంచే రాయాలి.

స్వాతంత్ర్యం తర్వాతి కాలం మీకు తెలిసిందే. 1969లో అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు మొదలైంది. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను ముంచెత్తాక ఎక్కడెక్కడి సంస్థలో తీరానికి వచ్చాయి, కొన్ని అక్కడే నిలిచిపోయాయి. పిల్లల్ని పనిలోంచి బడికి మళ్లించిన ఎం.వి. ఫౌండేషన్, జహీరాబాదు ప్రాంతంలో చిరుధాన్యాలను మళ్లీ పొలంలోకి తెచ్చిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్) ఆ తర్వాత వచ్చాయి. ఒక్కోదాని మీద ఒక్కో పుస్తకం రాయవచ్చు.

గెలుపులే రాస్తే మాత్రం మనల్ని ఎవరూ నమ్మరు. పొదుపు సంఘాల మీద ఆడవాళ్లు పెట్టుకున్న నమ్మకాన్ని వాడుకుని, సేవాసంస్థలుగా మొదలైనవి కొన్ని అప్పులిచ్చే కంపెనీలుగా మారాయి. వసూళ్ల ఒత్తిడికి ప్రాణాలు తీసుకున్నవారి వార్తలు వచ్చాక, 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. అదీ మన కథే, బయటివాళ్ల కథ కాదు. బయటి నుంచి తగిలిన దెబ్బలూ రాయాలి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత, విదేశీ విరాళం అందుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు బదిలీ చేయడానికి వీల్లేదు. పరిపాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. పెద్ద సంస్థల ద్వారా వచ్చే డబ్బుతో నడిచే చిన్న సంస్థలకు ఆ దారి మూసుకుపోయింది. అలాంటి సంస్థ ఆఫీసు మూసేటప్పుడు బల్లలూ కుర్చీలూ ఎవరో ఒకరు తీసుకుంటారు. కాగితాలు ఎవరికి కావాలి?

ఆ కాగితాల్లో ఏముంటుందో తెలియాలంటే ఏదైనా పాత పొదుపు సంఘం తీర్మానాల పుస్తకం తెరిచి చూడండి. మొదటి పేజీల్లో వరసగా వేలిముద్రలు. పోనుపోను వాటి మధ్య వంకరటింకర సంతకాలు మొదలవుతాయి. రాని వాళ్లకు వేసిన జరిమానా, అప్పు ముందు ఎవరికివ్వాలన్న తగువు, కలెక్టరాఫీసుకు వెళ్లడానికి బస్సు చార్జీలు, అన్నీ తేదీలతో ఉంటాయి. ఏ కేస్ స్టడీలోనూ లేని మనుషులు అందులో ఉన్నారు. మన చరిత్రకు ఇంతకంటే మంచి ఆకరం లేదని చరిత్ర విద్యార్థిగా చెబుతున్నాను.

ఆ మనుషులు తమ కథ తాము చెప్పలేరని ఎవరైనా అంటే, 2008లో అదే జహీరాబాదు ప్రాంతంలోని మాచనూరులో మొదలైన సంఘం రేడియోను చూపిస్తాను. పొలం పనులు చేసుకునే దళిత మహిళలే దాన్ని నడిపారు. విత్తనాల గురించి, పండగల గురించి, ఆరోగ్యం గురించి తమ యాసలో తామే మాట్లాడారు. రాయబోయే కథకు భాష ఎలా ఉండాలో అక్కడ నేర్చుకోవచ్చు.

ఇక నేను కోరేది చెబుతాను. ఈ సభ ముగిసేలోగా ప్రతి జిల్లా నుంచి ఒక కార్యకర్త, ఒక అధ్యాపకుడు లేదా అధ్యాపకురాలు జతగా పేరు ఇవ్వండి. మీ జిల్లాలో మూతపడిన సంస్థల కాగితాలు ఎక్కడున్నాయో ముందు వెతకండి. డెబ్బై దాటిన కార్యకర్తల దగ్గరికి, సంఘం లీడర్ల దగ్గరికి ఈ ఏడాదే వెళ్లి వాళ్ల మాటలు రికార్డు చేయండి. తీర్మానాల పుస్తకాలను సంఘాల నుంచి తీసుకుపోకండి. ఫొటోలు తీసుకుని, అసలువి వాళ్లకే తిరిగి ఇచ్చేయండి. సంస్థల అధిపతులకు ఒక్క మనవి: వీటితో రాయబోయే మీ జిల్లా చరిత్ర సంపుటంలో మీ సంస్థ పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టకండి. మీతో కలిసి పనిచేసిన వాళ్ల పేర్లు వచ్చాయో లేదో చూడండి, రాకపోతే రాయించండి.