బేసిన్‌ను మోసేది గోడే

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో వాష్ బేసిన్ బేరమాడి తెచ్చుకుంటాం, దాన్ని మోసే గోడ సంగతి మాత్రం పట్టించుకోం. సికింద్రాబాద్ పాత ఇళ్లలో సున్నంతో కట్టిన గోడలు ఇంకా ఉన్నాయి. వేలితో తట్టి చూడండి. డొల్లగా మోగితే పైపూత ఇటుకను వదిలేసిందన్నమాట. అక్కడ ప్లాస్టిక్ ప్లగ్గు కొట్టి స్క్రూ బిగిస్తే నిలవదు. గోడ తొలిచి, ఇనుప బ్రాకెట్ల కాళ్లు కాంక్రీటులో పాతించండి. వారం రోజులు తడిపాకే బేసిన్ ఎక్కించండి, మేస్త్రీ ఎంత తొందరపెట్టినా సరే. బోల్టుకూ పింగాణీకీ మధ్య రబ్బరు వాషరు తప్పనిసరి. ఇనుము నేరుగా నొక్కితే పింగాణీ చిట్లుతుంది. నేల నుంచి అంచుకు 32 అంగుళాల ఎత్తు చాలు. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ ఆ అంచు మీదే బరువు మోపి నిలబడుతుంది. ఆ బరువునూ లెక్కలో వేసుకోండి.