సన్నని దారము – సూక్ష్మజీవి

కాలిన గాయమునకు కట్టిన గుడ్డను విప్పునప్పుడు రోగి పడు బాధను చూచినవారికి, కట్టు అనునది ఎంత కఠినమైన సమస్యయో తెలియును. దట్టముగా నేసిన గుడ్డ గాయమునకు గాలి తగులనీయదు. వదులుగా నేసినది సూక్ష్మజీవుల నాపలేదు. మిల్లీమీటరులో వెయ్యవవంతు ప్రమాణముగల జీవికి మన గాజుగుడ్డ కన్నులు కోటద్వారముల వంటివి.

ఈ చిక్కు విప్పుటకు శాస్త్రజ్ఞులు మగ్గమును విడిచి విద్యుచ్ఛక్తి నాశ్రయించిరి. పాలిమర్ అను పదార్థమును ద్రావకములో కరగించి, పాకమువంటి ఆ ద్రవమును సూదిగుండ మెల్లగా నెట్టుదురు. సూదికి పది, ఇరువది వేల వోల్టుల విద్యుత్తు నిత్తురు. ఎదుట జానెడు దూరమున లోహపు పలక యుండును. సూదికొననున్న బొట్టు గుండ్రముగా నిలువజాలక శంకువువలె సాగును. 1964లో ఆ శంకువు గణితమును విప్పిచెప్పిన ఆంగ్లశాస్త్రజ్ఞుడు జెఫ్రీ టైలర్ పేరనే నేడు దానిని పిలుచుచున్నారు. దాని కొననుండి వెలువడిన ధార కొరడావలె మెలికలు తిరుగుచు సాగిసాగి, త్రోవలోనే ద్రావకము ఆవిరికాగా, పలకపై పొడిదారమై పడును. దాని మందమును తలవెండ్రుకలో అయిదువందలవ వంతు వరకు తగ్గింపవచ్చును. తీగపాకము పట్టుట తెలిసిన గృహిణులకు మేము చెప్పనక్కరలేదు: పాకము పలుచనైనచో తీగ రాదు, బొట్లే రాలును. ఇచ్చటను అంతే.

విద్య క్రొత్తది కాదు. 1902లో కూలీ, 1934లో ఫార్మ్‌హాల్స్ దీనికి పేటెంటులు పొందిరి. అయినను 1990 దశకమున అమెరికాలోని ఆక్రన్ విశ్వవిద్యాలయమున రెనెకర్ మొదలగువారు తిరిగి చేపట్టిన పిమ్మటనే పరిశోధకుల దృష్టి దీనిపై విశేషముగా పడినది.

ఇట్టి పొర క్రిములను ఆపును గాని చంపదు. చెమ్మ తగిలినచో చిక్కిన క్రిములు అచ్చటనే పెరుగవచ్చును. కావున ద్రవములోనే మందును కలుపుదురు. వెండి యందు మొదటిది. వెండి అయాన్లు క్రిమి మాంసకృత్తులను పట్టుకొని వాని పని చెడగొట్టును. కాని మోతాదు మించినచో, గాయమును పూడ్చవలసిన మన చర్మకణములకే చేటు. ఎంత వెండి, ఎంత కాలము, ఎంత మెల్లగా వెలువడవలెను అనునదే ఇందు అసలు పరీక్ష. పరీక్షనాళికలో క్రిమి చచ్చినదని చెప్పి ఊరకుండు ప్రకటనలను మేము అంతగా విశ్వసింపము.

రొయ్యపెంకులనుండి తీయు కైటోసాన్ మరియొకటి. దాని ధనవిద్యుత్తు క్రిమి పైపొరయందలి ఋణవిద్యుత్తును పట్టుకొనును. మన కోస్తాలో రొయ్యల పరిశ్రమ విడిచిపెట్టు పెంకులకు కొరతలేదు గదా! అయితే కైటోసాన్ ఒంటరిగా సులభముగా తీగ సాగదు. సాధారణముగా వేరొక పాలిమర్‌తో కలిపి లాగుదురు.

ఇక ఒక్క సూది గంటకు ఇచ్చు దారము సాధారణముగా గ్రాముకు లోపే. అందువలన చెక్ దేశపు లిబెరెట్స్ నగరమున, సూదులు లేకయే తిరుగు రోలరుపైనుండి అనేక ధారలు ఒక్కమారు లేచునట్టి యంత్రమును నిర్మించిరి. గజములకొలది పొర అట్లు వచ్చుచున్నది. ఆ పొరలోని మందు గాయముపై ఎన్నిదినములు నిలుచునో ఆసుపత్రులలో చూడవలసియున్నది.