గిరాకీ బంద్ అయితేనే

అమెరికాలో సైనిక స్థావరం పక్కన సిపాయిలను చెడగొట్టే సారాకొట్టు ఉంటే, కమాండర్ 'ప్రవేశం నిషిద్ధం' అంటడు. సిపాయి గడప తొక్కితే శిక్ష. యజమానికి గిరాకీ బంద్. మరి నల్ల సిపాయికి అన్నం పెట్టని హోటల్ చెడ్డది కాదా అని మేమడుగుతున్నం.

1948లో ట్రూమన్ సైన్యంలో సమానత్వం ఆదేశించిండు. గేటు దాటితే మాత్రం పాత వివక్షే. 1963 జూలైలో రక్షణమంత్రి మెక్‌నమారా అసుంటి చోట్లను కూడా నిషేధించవచ్చన్నడు. కానీ సంబంధిత సైనిక శాఖ కార్యదర్శి అనుమతి కావాలని మెలిక! 1964 చట్టం హోటళ్ల తలుపులు తెరిపించింది, కిరాయి ఇండ్లు మిగిలినయి. 1967లో గానీ మేరీల్యాండ్‌లోని ఆండ్రూస్ వైమానిక స్థావరం చుట్టూ నల్లవారికి కిరాయికియ్యని ఇండ్లను నిషేధించలేదు. తెల్ల సిపాయి కూడా అందుల దిగొద్దు. యజమానుల జేబుకు సెగ తగిలింది గప్పుడే.