గూళ్ల సొమ్ము - ఫోను జాగ్రత్తలు

(పట్టు రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాలుగు జ్వరాలు దాటించి, రాత్రిళ్లు కూడా ఆకు వేసి పండించిన గూళ్ల సొమ్ము ఇప్పుడు చాలామందికి బ్యాంకు ఖాతాలోనే పడుతోంది. ఆ ఖాతా తాళం చెవి మీ ఫోనులో ఉంది. కాళ్లు, చేతులు కడగనివారిని పురుగుల గదిలోకి రానివ్వం కదా! ఫోను విషయంలోనూ అంతే కట్టుదిట్టంగా ఉండాలి.

1. డబ్బు పంపడానికి, నిల్వ చూసుకోవడానికే పిన్ కావాలి. డబ్బు రావడానికి అక్కరలేదు. "సబ్సిడీ వచ్చింది, స్కాన్ చేసి పిన్ కొట్టండి" అని ఎవరైనా అంటే, మన శాఖ పేరు చెప్పినా సరే, ఫోను పెట్టేయండి. ఆఫీసుకు వచ్చి అడగండి.

2. ఓటీపీని బ్యాంకువారమన్నవారికి కూడా చెప్పకండి.

3. ప్రభుత్వ పథకమంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లను తెరవకండి.

4. ఇంటి వద్ద గూళ్లు అమ్మేటప్పుడు, కొనేవారు తమ ఫోనులో చూపే మెసేజీని నమ్మి సరుకు ఎత్తనివ్వకండి. ముందు మీ ఖాతాలో నిల్వ చూసుకోండి.

5. మోసపోతే సిగ్గుపడి దాచకండి. వెంటనే 1930కి ఫోను చేసి, బ్యాంకుకూ తెలపండి. మీ ఊరు ఏ రాష్ట్రంలో ఉన్నా నంబరు ఒకటే. రోగం కనిపించిన పూటే చెబితే మిగతా పురుగునైనా కాపాడుకుంటాం. ఇదీ అంతే. ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

ఈ మాటలు ఇంట్లో పెద్దలకూ చెప్పండి. సెలవు.