పాత టైల్ గమ్ము తీసే పనికి మన లెక్క
(మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యురాలి ప్రసంగ పాఠం)



మన సంఘాల్లో బిల్డింగు పనులకు పోయేవాళ్లు చాలామంది ఉన్నారు. బాత్రూముల్లో, వంటగదుల్లో పాత టైల్స్ ఊడగొట్టి, గోడకు అంటుకుని ఉన్న గమ్ము, మాలు గోకే పని ఎక్కువగా మనకే చెప్తారు. కొత్త టైల్ అతికించే మేస్త్రీకి చదరపు అడుగు లెక్క. గోడ గోకిన మనకు రోజు కూలి. ఈ తేడా గురించే మాట్లాడదామని వచ్చాను.

ముందు పని సంగతి. టైల్ ఊడాక వెనక ఏముందో చూడాలి. పాత ఇళ్లలో సిమెంటు, ఇసుక కలిపిన మాలు దట్టంగా ఉంటుంది. సుత్తి పిడితో కొట్టి చూస్తే కొన్నిచోట్ల డొల్ల శబ్దం వస్తుంది. అక్కడ మొదలుపెడితే పెళ్లలుగా ఊడుతుంది. ఈమధ్య కట్టిన ఇళ్లలో బస్తాలో పొడిగా వచ్చే గమ్ము వాడుతున్నారు. అది మొండిది, నీళ్లకు కరగదు. ఉలిని గోడకు నిటారుగా పెట్టి కొడితే లోపలి ప్లాస్టరింగు కూడా ఊడొస్తుంది. ఉలిని బాగా వాల్చి, గమ్ముకీ గోడకీ మధ్య దూరేలా కొట్టాలి. డబ్బాలో పేస్టులా వచ్చే రకం ఇంకొకటి ఉంది. దానికి వేడినీళ్ల గుడ్డ కాసేపు అద్ది ఉంచితే మెత్తబడుతుంది, పట్టీతో గోకొచ్చు.

యాసిడ్ పోస్తే పోతుందని కొందరు ఓనర్లు సీసా తెచ్చి చేతిలో పెడతారు. వద్దని చెప్పండి. సిమెంటును కొంత తింటుంది గానీ అందులోని ఇసుకను ఏమీ చేయలేదు. మూసిన బాత్రూములో ఆ ఆవిరి పీల్చేది మనం.

ఇప్పుడు దుమ్ము. ఇసుకలో సిలికా ఉంటుంది. పొడి గోడను కొట్టినా, గ్రైండరు పెట్టినా అది కంటికి కనపడనంత సన్నగా లేచి ఊపిరితిత్తుల అడుక్కి పోతుంది. ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది. దానికి నయమయ్యే మందు లేదు. టీబీ కూడా తొందరగా అంటుకుంటుంది. 1997లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఈ దుమ్మును క్యాన్సర్ తెచ్చేవాటిలో చేర్చింది. కొంగు అడ్డం కట్టుకుంటే ఇది ఆగదు. ఎన్95 మాస్కు ముక్కుకు సందు లేకుండా పెట్టుకోవాలి. అంతకన్నా ముఖ్యం గోడ తడి. కొట్టే ముందు నీళ్లు చల్లాలి, మధ్యమధ్యలో మళ్లీ చల్లాలి. అంతకంటే ముందు మెయిన్ ఆపించాలి, గోడలో వైర్లు ఉంటాయి కదా! తడి గోడ మీద సుత్తి, ఉలితోనే పని. చివర్లో పొడి చీపురు పట్టకండి, తడిపి ఊడ్చండి. ఇంటికి పోయాక బట్టలు మార్చుకునే పిల్లల్ని ఎత్తుకోండి.

ఇదంతా చాలామందికి తెలుసు. మరి ఎందుకు చేయరు? తడిపితే పని నెమ్మదిస్తుంది. రోజు కూలి ఇచ్చేవాడు పక్కన నిలబడి "నీళ్లెందుకమ్మా, కానీయ్" అంటాడు. తొందర అతనిది, దుమ్ము మనది. అదే గోడ మొత్తానికి మాట్లాడుకుంటే, ఎప్పుడు తడపాలో ఎంత నిదానంగా కొట్టాలో మన చేతిలో ఉంటుంది.

మాట్లాడుకోవడానికి లెక్క కావాలి. 5 అడుగులు, 7 అడుగుల బాత్రూము తీసుకోండి. నాలుగు గోడల చుట్టుకొలత 24 అడుగులు. 7 అడుగుల ఎత్తు దాకా టైల్స్ ఉంటే 168 చదరపు అడుగులు. తలుపు తీసేస్తే సుమారు 150. టైలూ మాలూ కలిపి అంగుళం మందం అనుకున్నా, ఊడేది దాదాపు 700 కిలోలు. గమేళాకు 25 కిలోలు ఎత్తితే 28 గమేళాలు. రెండో అంతస్తు నుంచి అయితే 28 సార్లు మెట్లు దిగి, ఎక్కాలి. రోజు కూలిలో ఈ మెట్లు ఎవరికీ కనపడవు. అందుకే ధర చెప్పేటప్పుడు గోకుడు వేరు, రబ్బిష్ కిందికి మోయడం వేరు, ట్రాక్టరు ఖర్చు వేరు అని కాగితం మీద రాయించండి. మాస్కులు, ఉలి సాన పెట్టించడం కూడా అందులో వేయండి.

పని అప్పగించేటప్పుడు మేస్త్రీని గోడ దగ్గరికి పిలిచి నీళ్లు చల్లి చూపించండి. నీళ్లు ఇంకితే గోడ తయారు. బొట్లుబొట్లుగా జారిపోతే గమ్ము పొర ఇంకా ఉన్నట్టే, అక్కడ మళ్లీ గోకాలి. బద్ద పెట్టి ఎత్తుపల్లాలు కూడా చూపించండి. రేపు టైల్ ఊడితే "ఆడోళ్లు గోడ సరిగా చేయలేదు" అనే మాట రాకుండా, అప్పగించిన రోజునే అతని సంతకం తీసుకోండి.

ఇంకొక్క మాట. 18 నుంచి 60 ఏళ్ల లోపు వయసుండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసినవాళ్లు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు చేసుకోవచ్చు. మేస్త్రీ పేరు ఉంటుంది, పక్కనే గోడ గోకిన మన పేరు ఉండదు. చేసిన రోజులు సంఘం పుస్తకంతో పాటు ఒక చిన్న నోటుబుక్కులో రాసుకోండి. కార్డు లేనివాళ్లు భోజనాల తర్వాత వెనక వరండాలోకి రండి, ఎవరెవరికి ఎన్ని రోజులు అయ్యాయో కూర్చుని రాద్దాం.