చేసిన పని, రాయని పేరు



పని చరిత్ర చెప్పే ఈ సంచార ప్రదర్శన రేపు పెట్టెల్లో సర్దుకుని పక్క మండలానికి వెళ్తుంది. దీనికి చోటు చేయడానికి పత్రికల బల్లలు వరండాలోకి జరిపాం. మా హాస్టల్ పిల్లలు వంతులవారీగా నిలబడి, చదువు రాని వారికి ఫోటోల కింది రాతలు చదివి వినిపించారు. మన పెద్దవాళ్లు చాలామంది గ్రంథాలయం గడప తొక్కడం ఇదే మొదటిసారి. దుంగలు మోసేవారి ఫోటో దగ్గర ఆగి, బరువుకు భుజం ఎలా పెట్టాలో వాళ్లే పిల్లలకు చూపించారు. ఆ ఫోటో కింద 'కూలీలు' అన్న ఒక్క మాటే ఉంది.

ఆ ఒక్క మాట గురించే మాట్లాడదామనుకున్నాం. 1882 మద్రాసు అటవీ చట్టంతో మన పోడు, మన కట్టెపుల్ల సర్కారు ఆంక్షల కిందికి వెళ్లాయి. తర్వాత నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు రోడ్డు పనికి మనవాళ్లను బలవంతంగా దించి, అరకొర కూలి ఇచ్చారు. ఆ పని చేయించిన డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పేరు పుస్తకాల్లో ఉంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడితో మొదలైన పోరాటం వెనుక ఆ రోడ్డు పని కోపం కూడా ఉంది. అల్లూరి సీతారామరాజును, గాం గంటం దొరను, మల్లు దొరను తలుచుకుంటున్నాం. ఆ రోడ్డు మీద రాళ్లు కొట్టిన వాళ్లలో ఎందరి పేర్లు మనకు తెలుసు?

సంతలో వర్తకుల మోసం నుంచి కాపాడడానికి 1956లో గిరిజన సహకార సంస్థ వచ్చింది. తేనె సీసా మీద సంస్థ పేరు ఉంటుంది. పట్టు దించినవారి పేరు ఉండదు. అది మనం రాసుకోవాల్సిందే.

హాస్టల్ దరఖాస్తులో 'తల్లి వృత్తి' అన్న చోట మన ఆడపిల్లలు 'ఏమీ లేదు' అని రాస్తుంటారు. తెల్లవారకముందే నీళ్లు, తిరగలిలో చోళ్లు, చేలో కలుపు, కట్టెలమోపు, అడ్డాకులు, వారం వారం సంత. ఏమీ లేదా? అందుకే ప్రదర్శన పక్కన ఒక ఖాళీ రిజిస్టరు పెట్టాం. మీ ఇంట్లో ఎవరు ఏ పని చేశారు, ఎవరు నేర్పారు, ఏం ముట్టింది అని అడిగి పిల్లలు రాశారు.

ఇది ఉబుసుపోక చేసే పని కాదు. 2006 అటవీ హక్కుల చట్టానికి 2008లో వచ్చిన నిబంధనల్లో, దరఖాస్తుదారులు కాని పెద్దలు చెప్పి రాయించిన మాట కూడా ఒక సాక్ష్యమే. ఏ వాలులో ఎవరు పోడు కొట్టారో, ఏ చెట్టు ఎవరు నాటారో చెప్పగలిగినవాళ్లు ఏటా తగ్గిపోతున్నారు. వాళ్లు పోయాక అడగడానికి ఎవరూ ఉండరు.

ప్రదర్శన వెళ్లిపోయినా రిజిస్టరు ఇక్కడే ఉంటుంది. ఒక్కొక్కరు ఒక పెద్దాయన దగ్గరో, పెద్దమ్మ దగ్గరో కూర్చుని ఒక్క పేజీ రాయండి. ఊరు, పేరు, పని, పనిముట్టు రాయండి. తెలుగు మాట దొరక్కపోతే కువిలోనో, కుపియాలోనో వాళ్లు అన్న మాటే తెలుగు అక్షరాల్లో పెట్టండి. రాసింది వాళ్లకు చదివి వినిపించి, సరేనన్నాకే రిజిస్టరులో ఎక్కించండి.